అమెరికాలో సెక్స్ అఫెండర్ రిజిస్ట్రీ: ఎలా వెతకాలి, వచ్చింది ఎలా చదవాలి

టెక్సస్‌లోని ఫ్రిస్కోలోనో న్యూజెర్సీలోని ఎడిసన్‌లోనో ఇల్లు కొనేటప్పుడు మనవాళ్లు స్కూలు రేటింగ్ చూస్తారు, గుమ్మం తూర్పుకుందా అని చూస్తారు, హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) ఫీజు ఎంతో అడుగుతారు. సెక్స్ అఫెండర్ రిజిస్ట్రీ, అంటే లైంగిక నేరం రుజువైనవాళ్ల ప్రభుత్వ జాబితా మాత్రం గృహప్రవేశం అయిపోయాక గుర్తొస్తుంది. అదీ ఎవరో కమ్యూనిటీ వాట్సాప్ గ్రూపులో ఒక ఫొటో, ఒక అడ్రస్ పెట్టి "అందరూ జాగ్రత్త" అన్న తర్వాత. ఆ రాత్రి ఇంట్లో అందరికీ టెన్షన్.

నిజానికి ఈ రిజిస్ట్రీలో వెతకడం పది నిమిషాల పని. డబ్బు కట్టక్కర్లేదు, అకౌంట్ తెరవక్కర్లేదు, మీది ఏ వీసా అని ఎవరూ అడగరు. కష్టమంతా తెర మీద వచ్చినదాన్ని సరిగ్గా చదవడంలో ఉంది. ఏమీ రాకపోతే ఊపిరి పీల్చుకుని వదిలేసేవాళ్లే ఎక్కువ. ఏదైనా వస్తే కంగారుపడి నలుగురికి పంపేవాళ్లే ఎక్కువ. రెండూ తప్పే. అందుకే ఈ గైడులో క్లిక్కులకన్నా చదవడానికే ఎక్కువ చోటిచ్చాను.

ముందు కాస్త నేపథ్యం

దేశం మొత్తానికి ఒకటే రిజిస్ట్రీ ఉందనుకుంటే తర్వాత చాలా విషయాలు అర్థం కావు. రిజిస్ట్రీలు రాష్ట్రాలవి. 1989లో మిన్నెసోటాలో జేకబ్ వెటర్లింగ్ అనే 11 ఏళ్ల పిల్లవాణ్ని ఎత్తుకుపోయారు. అతని పేరు మీద 1994లో వచ్చిన ఫెడరల్ చట్టం, నేరం రుజువైనవాళ్లను నమోదు చేయాలని రాష్ట్రాలకు చెప్పింది. అదే ఏడాది న్యూజెర్సీలోని హామిల్టన్ టౌన్‌షిప్‌లో మేగన్ కంకా అనే ఏడేళ్ల పాప హత్యకు గురైంది. చేసినవాడు ఎదురింట్లోనే ఉండేవాడు. అతనికి పాత నేరచరిత్ర ఉందని ఆ తల్లిదండ్రులకు తెలియదు. ఆ వివరాలు జనానికి కూడా చెప్పాలన్న 'మేగన్స్ లా' అలా పుట్టింది. 1996లో దేశమంతటికీ వర్తించింది.

2003లో నార్త్ డకోటాలో డ్రూ స్యోడిన్ అనే కాలేజీ విద్యార్థిని మాయమైంది. నేరం చేసినవాడు పక్కనున్న మిన్నెసోటా రిజిస్ట్రీలో ఉన్నాడు. సరిహద్దు దాటితే జాబితా మారిపోతుంది, మనిషి మాత్రం అరగంటలో కారులో వచ్చేస్తాడు. అన్ని రాష్ట్రాల జాబితాలనూ ఒకేచోట వెతికే సైటు 2005లో మొదలైంది. తర్వాత దానికి ఆమె పేరే పెట్టారు. 2006 నాటి ఆడమ్ వాల్ష్ చట్టం నేరాలను మూడు టియర్లుగా, అంటే తీవ్రతను బట్టి మూడు అంచెలుగా విభజించింది. మొదటి టియర్‌లో 15 ఏళ్లు, రెండో దానిలో 25 ఏళ్లు, మూడో దానిలో జీవితాంతం నమోదై ఉండాలి. అయితే ఈ పద్ధతిని అన్ని రాష్ట్రాలూ ఒకేలా అమలు చేయలేదు. మీకు ఎదురయ్యే గందరగోళంలో చాలాభాగం ఇక్కణ్నుంచే వస్తుంది.

మొదటి అడుగు: జాతీయ సైటు

అమెరికా న్యాయశాఖ నడిపే సైటు పేరు నేషనల్ సెక్స్ అఫెండర్ పబ్లిక్ వెబ్‌సైట్. అడ్రస్ ఎన్ఎస్ఓపీడబ్ల్యూ డాట్ గవ్. గూగుల్‌లో వెతికితే ముందు ప్రకటనలు వస్తాయి, "మీ వీధిలో ఎవరున్నారో చూడండి" అని భయపెట్టి, చివర్లో క్రెడిట్ కార్డు అడిగేవి. వాటి జోలికి పోవద్దు. వాటిలో సమాచారం పాతబడి ఉండొచ్చు, పైగా ఉచితంగా దొరికేదానికి డబ్బులు. చివర 'డాట్ గవ్' ఉందో లేదో చూసుకుని లోపలికి వెళ్లండి. ఫోన్‌లో అయితే దీనికి యాప్ కూడా ఉంది.

వాడకం షరతులకు ఒప్పుకున్నాక రెండు రకాలుగా వెతకొచ్చు.

పేరుతో: మొదటి పేరు, చివరి పేరు ఇవ్వాలి. యాభై రాష్ట్రాలు, వాషింగ్టన్ డీసీ, ప్యూర్టోరికో, గ్వామ్ లాంటి టెరిటరీలు, సొంత రిజిస్ట్రీ ఉన్న గిరిజన ప్రాంతాలు, అన్నిటిలోనూ ఒకేసారి వెతుకుతుంది.

లొకేషన్‌తో: మీ అడ్రస్ ఇచ్చి చుట్టూ గరిష్ఠంగా 3 మైళ్ల వరకు చూడొచ్చు. మనిషి ఇల్లే కాదు, పనిచేసే చోటు, చదివే చోటు కూడా రిజిస్ట్రీలో నమోదవుతాయి. కాబట్టి మీ ఇంటి అడ్రస్‌తో పాటు పిల్లల స్కూలు, డేకేర్, కూచిపూడి క్లాసు, ఈతకొలను అడ్రస్‌లు కూడా విడివిడిగా వేసి చూడండి. పిల్లలు రోజులో సగం గడిపేది అక్కడే కదా.

ఫలితాలు వచ్చాక పేర్ల జాబితా కన్నా ముందు ఒక విషయం గమనించండి. ఈ సైటు సొంతంగా డేటా దాచుకోదు; మీరు నొక్కినప్పుడల్లా రాష్ట్రాల సైట్లను అడిగి తెస్తుంది. ఆ సమయంలో ఏ రాష్ట్రం సైటైనా పలకకపోతే, పలకలేదని చూపిస్తుంది. మీ రాష్ట్రమే పలకనివాటిలో ఉంటే ఆ ఖాళీ ఫలితానికి విలువ లేదు. కాసేపాగి మళ్లీ ప్రయత్నించండి.

రెండో అడుగు: మీ రాష్ట్రం సైటు

చాలామంది జాతీయ సైటు దగ్గరే ఆగిపోతారు. ఆగకండి. అక్కడ పేరు మీద నొక్కితే ఎలాగూ రాష్ట్రం పేజీకే వెళ్తుంది, పూర్తి వివరం ఉండేది అక్కడే. దానికన్నా ముఖ్యం, ఎవరి పేరు జనానికి చూపించాలి అన్నది ప్రతి రాష్ట్రం తనకు తానుగా నిర్ణయించుకుంది. మనవాళ్లు ఎక్కువగా ఉండే రాష్ట్రాలు చూద్దాం.

టెక్సస్‌లో జాబితాను నిర్వహించేది డిపార్ట్‌మెంట్ ఆఫ్ పబ్లిక్ సేఫ్టీ. పేరుతో, అడ్రస్‌తో, కాలేజీ పేరుతో వెతకొచ్చు. రిస్క్ స్థాయి తక్కువ, మధ్యస్థం, ఎక్కువ అని రాసి ఉంటుంది. తక్కువ స్థాయివాళ్లూ కనిపిస్తారు.

న్యూజెర్సీ దీనికి పూర్తిగా భిన్నం. స్టేట్ పోలీస్ సైటులో ఉండేది మూడో టియర్‌వాళ్లు, రెండో టియర్‌లో కొందరు. మొదటి టియర్‌వాళ్లు అసలు కనపడరు. మేగన్స్ లా పుట్టింది ఈ రాష్ట్రంలోనే, అయినా ఆన్‌లైన్‌లో చూపించేది టెక్సస్ కన్నా తక్కువ.

న్యూయార్క్‌లో రిస్క్‌ను మూడు లెవెళ్లుగా చెప్తారు, మూడోది అన్నిటికన్నా ఎక్కువ; వాటిలో రెండు, మూడు లెవెళ్లే సైటులో ఉంటాయి. మొదటి లెవెల్ మనిషి గురించి తెలుసుకోవాలంటే రాష్ట్రం టోల్‌ఫ్రీ లైనుకు ఫోన్ చేసి, పేరుతో పాటు పుట్టిన తేదీ లాంటి ఇంకో గుర్తు చెప్పి అడగాలి. మసాచుసెట్స్‌లో మొదటి లెవెల్ పబ్లిక్ కాదు. మూడో లెవెల్ అంతా ఆన్‌లైన్‌లో ఉంటుంది. రెండో లెవెల్‌లో 2013 జులై 12 తర్వాత వర్గీకరించినవాళ్లే ఉంటారు. వాషింగ్టన్ రాష్ట్రంలో, అంటే బెల్‌వ్యూ, రెడ్‌మండ్ వైపు, ముఖ్యంగా రెండు, మూడు లెవెళ్లు. మిన్నెసోటాలో మూడో లెవెల్‌వాళ్లు, నిబంధనలు పాటించకుండా తప్పించుకున్నవాళ్లు.

కాలిఫోర్నియా గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. 1947 నుంచే రిజిస్ట్రేషన్ ఉన్న రాష్ట్రం అది, దేశంలో అందరికన్నా ముందు. మేగన్స్ లా పేరుతోనే అక్కడి సైటు ఉంటుంది, మ్యాప్ చక్కగా కనిపిస్తుంది. చిక్కేంటంటే, కొందరికి పూర్తి అడ్రస్ చూపిస్తారు, కొందరికి జిప్ కోడ్ మాత్రమే, కొందరు అసలు కనపడరు. జిప్ కోడ్ మాత్రమే ఉన్నవాళ్లకు మ్యాప్ మీద చుక్క పడదు. కాబట్టి ఫ్రీమాంట్‌లోనో డబ్లిన్‌లోనో మ్యాప్ చూసి "మన వీధి క్లీన్" అనుకోకముందు జిప్ కోడ్‌తో కూడా వెతకండి.

ఫ్లోరిడా ఇంకో చివర. జైల్లో ఉన్నవాళ్లు, రాష్ట్రం విడిచి ఎప్పుడో వెళ్లిపోయినవాళ్లు కూడా ఆ జాబితాలో ఉంటారు. సంఖ్య చూసి బెదిరిపోకుండా, ఇప్పుడు అక్కడ ఉంటున్నాడా అన్న గడి చూడాలి.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, "న్యూజెర్సీ ఎడిసన్‌లో తక్కువమంది, టెక్సస్ ఇర్వింగ్‌లో ఎక్కువమంది, కాబట్టి ఎడిసన్ సేఫ్" అనే లెక్కకు అర్థం లేదు. ఒకచోట వడపోసి చూపిస్తున్నారు, ఇంకోచోట అందరినీ చూపిస్తున్నారు. ఒకే ఊళ్లో రెండు జిప్ కోడ్‌లను పోల్చినా జాగ్రత్త. ఒక జిప్‌లో జైలో, షెల్టరో, నెలవారీ అద్దె మోటెలో ఉంటే సంఖ్య ఒక్కసారిగా పెరుగుతుంది.

రాష్ట్రాల సరిహద్దు దగ్గర ఉండేవాళ్లు రెండోవైపు కూడా చూడాలి. జెర్సీ సిటీలో ఉంటే న్యూయార్క్, వర్జీనియాలోని యాష్‌బర్న్‌లో ఉంటే మేరీలాండ్, డీసీ.

మూడో అడుగు: ఒక ఎంట్రీని చదవడం

పేరు, ఫొటో చూసి పేజీ మూసేయకండి. కింద ఉన్న ఒక్కో గడికీ అర్థముంది.

నేరం పేరు: ఒక్కో రాష్ట్రంలో ఒక్కోలా పిలుస్తారు, వినడానికి భయంకరంగా ఉన్నది చట్టంలో తక్కువ స్థాయిది కావచ్చు, మామూలుగా వినిపించేది పెద్దది కావచ్చు. పక్కన సెక్షన్ నంబర్ ఉంటే ఆ రాష్ట్ర చట్టంలో అదేంటో చూడండి.

బాధితుల వయసు: బాధితుల పేరు ఎప్పటికీ చెప్పరు, కానీ మైనరా, ఎంత వయసు అన్నది చాలా రాష్ట్రాలు చెప్తాయి. పిల్లలున్నవాళ్లకు అన్నిటికన్నా పనికొచ్చే గడి ఇది.

శిక్ష పడిన తేదీ: 1988లో పడిన శిక్ష, రెండేళ్ల కిందట పడిన శిక్ష ఒకటి కాదు. అలాగని పాతదాన్ని తేలిగ్గా తీసుకోమనడం లేదు.

స్టేటస్: నిబంధనలు పాటిస్తున్నాడా, పరారీలో ఉన్నాడా, జైల్లో ఉన్నాడా. పరారీ అని ఉంటే అక్కడున్న అడ్రస్‌ను నమ్మడానికి లేదు. 'ట్రాన్సియెంట్' అని ఉంటే స్థిరమైన ఇల్లు లేదని.

ఆఖరిసారి సరిచూసిన తేదీ: ఫెడరల్ ప్రమాణం ప్రకారం ఇల్లు, ఉద్యోగం మారితే మూడు పనిదినాల్లో చెప్పాలి. మొదటి టియర్‌వాళ్లు ఏడాదికోసారి, రెండో టియర్‌వాళ్లు ఆరు నెలలకోసారి, మూడో టియర్‌వాళ్లు మూడు నెలలకోసారి స్వయంగా వెళ్లి వివరాలు ధ్రువీకరించాలి. ఆ తేదీ బాగా పాతదైతే మనిషి అక్కడ లేకపోవచ్చు.

ఆ తర్వాత ఇది అతనేనా అన్న ప్రశ్న. పేరొక్కటే కలిస్తే ఏమీ తేలదు. ఫొటో, వయసు, ఎత్తు, మచ్చలు, మారుపేర్లు అన్నీ కలవాలి. ఒకే పేరున్న ఇద్దరిలో తప్పు మనిషిని గుర్తించి, ఆఫీసులోనో అపార్ట్‌మెంట్‌లోనో మాట బయటకు పొక్కితే ఇక ఎన్ని సారీలు చెప్పినా ఆ మచ్చ పోదు.

రిజిస్ట్రీలో కనపడనివి

అరెస్టయి కేసు నడుస్తున్నవాళ్లు ఉండరు. శిక్ష పడ్డాకే పేరు ఎక్కుతుంది. నడుస్తున్న కేసు తెలుసుకోవాలంటే ఆ కౌంటీ కోర్టు సైటులో పేరుతో వెతకాలి. చాలా కౌంటీల్లో ఇది ఉచితం. ప్లీ బార్గెయిన్‌లో, అంటే ప్రాసిక్యూటర్‌తో ఒప్పందం చేసుకుని, వేరే నేరానికి ఒప్పుకుని రిజిస్ట్రేషన్ తప్పించుకున్నవాళ్లు ఉండరు. గడువు పూర్తయి పేరు తీసేసినవాళ్లు ఉండరు. వేరే దేశంలో చేసిందాన్ని అమెరికా వచ్చాక చెప్పకుండా దాచినవాళ్లూ ఉండరు.

అన్నిటికన్నా పెద్ద సంగతి, ఎవరూ ఫిర్యాదు చేయనివాళ్లు ఉండరు. పిల్లల మీద జరిగే లైంగిక నేరాల్లో పదింట తొమ్మిది తెలిసినవాళ్లు చేసేవే: చుట్టం, ఇంటికొచ్చే ఫ్యామిలీ ఫ్రెండ్, ట్యూషన్ మాస్టారు, కోచ్. వాళ్లలో చాలామంది మీద ఎన్నడూ కేసు నమోదు కాదు. వీధి చివరి అపరిచితుడి కోసం మ్యాప్ చూసే తల్లిదండ్రులు, "అంకుల్ దగ్గర నాకు ఇష్టం లేదు" అని పిల్ల అంటే "అలా అనకూడదమ్మా, పెద్దవాళ్లు" అని సర్దేయడం మన ఇళ్లల్లో కొత్తేమీ కాదు. మ్యాప్ మీద పెట్టిన సమయంలో సగమైనా పిల్లతో ఆ సంభాషణకు పెట్టాలి.

సంబంధాలు చూసేవాళ్లకు

గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఉండి అమెరికా సంబంధం చూస్తున్న తల్లిదండ్రులు జీతం, వీసా, గోత్రం అన్నీ అడుగుతారు. ఈ సైటు కూడా ఒకసారి చూడండి, దానికి మధ్యవర్తి అక్కర్లేదు. ఇండియా నుంచి ఏదైనా రాష్ట్రం సైటు తెరుచుకోకపోతే అక్కడున్న బంధువులెవరినైనా చూడమనండి.

మన పేర్లతో వచ్చే ఇబ్బంది ఇక్కడే. ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత రాసే అలవాటు మనది. పాస్‌పోర్టులో ఇవి ఒకచోట ఇటు, ఒకచోట అటు ఎక్కుతాయి. పాస్‌పోర్టులో మొత్తం పేరు ఒకే గడిలో పడితే అమెరికా వీసాలో మొదటి పేరు చోట 'ఎఫ్ఎన్‌యూ' అని వస్తుంది, 'మొదటి పేరు తెలియదు' అని దానర్థం. కొన్ని రికార్డుల్లో ఆ మూడక్షరాలే మొదటి పేరుగా నిలిచిపోతాయి. కాబట్టి రెండు వరుసల్లోనూ వెతకండి. ఇంటిపేరు చివర పెట్టి ఒకసారి, రెడ్డి, రావు, కుమార్ లాంటిది చివర పెట్టి ఒకసారి. ఇంగ్లిష్ స్పెల్లింగులు మార్చి చూడండి. చైతన్యను మనవాళ్లు నాలుగు రకాలుగా రాస్తారు. లింక్డిన్‌లో ఉన్న పొట్టి పేరుతో కాకుండా పాస్‌పోర్టు పేరుతో వెతకాలి.

అన్ని స్పెల్లింగులతో వెతికినా ఏమీ రాకపోతే, నేరం రుజువైన రికార్డు ఆ పేరు మీద కనపడలేదని మాత్రమే అర్థం. గృహహింస, డ్రంక్ డ్రైవింగ్ లాంటివి ఈ జాబితాలో ఉండవు. వాటికి అతను ఉన్న కౌంటీ కోర్టు రికార్డులు చూడాలి.

ఎంఎస్‌కి వెళ్లే పిల్లలు యూనివర్సిటీ చుట్టూ కూడా చూసుకోవచ్చు. రిజిస్టర్ అయినవాళ్లు కాలేజీలో చదువుతున్నా, పనిచేస్తున్నా ఆ సంగతి తెలియజేయాలని 2000 సంవత్సరంలో ఫెడరల్ చట్టం వచ్చింది. క్యాంపస్ పోలీసులను అడిగితే ఆ సమాచారం ఎక్కడ దొరుకుతుందో చెప్తారు.

ఇల్లు కొనేటప్పుడు, అద్దెకు తీసుకునేటప్పుడు

రియల్టర్ మీకోసం వెతికి పెడతాడని ఆశించొద్దు. కాలిఫోర్నియాలో అయితే ఇంటి అమ్మకం ఒప్పందంలోనూ అద్దె ఒప్పందంలోనూ మేగన్స్ లా సైటు గురించి ఒక పేరా చట్టప్రకారం ఉండాలి. ఆ పేరాతో వాళ్ల బాధ్యత అయిపోతుంది, చూసుకోవాల్సింది మీరే. ఆఫర్ పెట్టకముందే చూడండి. క్లోజింగ్ అయ్యాక, అంటే కొనుగోలు పూర్తయ్యాక చూస్తే బెంగ తప్ప ప్రయోజనం లేదు.

స్కూలు పక్కనే ఇల్లు కాబట్టి ఇబ్బంది లేదనుకోవడం కూడా పొరపాటు. ఫ్లోరిడా, జార్జియా లాంటి రాష్ట్రాల్లో స్కూలుకు 1,000 అడుగుల లోపు ఉండకూడదన్న నిబంధన ఉంది, అదీ అందరికీ వర్తించదు. చాలాచోట్ల అలాంటి నిబంధనే లేదు.

మీరు కొన్నాక కొత్తగా ఎవరైనా రావచ్చు. ఫ్లోరిడా, నార్త్ కరోలినా లాంటి రాష్ట్రాల్లో మీ అడ్రస్ ఇచ్చి పెట్టుకుంటే దగ్గరికి ఎవరైనా మారినప్పుడు ఈమెయిల్ వస్తుంది. చాలా కౌంటీ షెరిఫ్‌ల సైట్లలోనూ ఇలాంటి అలర్ట్ ఉచితంగా దొరుకుతుంది. ఒకసారి పెట్టుకుంటే మాటిమాటికీ వెతికే పని ఉండదు.

దగ్గర్లో ఎవరో ఉన్నారని తేలితే

వాళ్లింటి తలుపు తట్టడం, ఫొటో తీసి గ్రూపులో పెట్టడం, కరపత్రం అంటించడం, ఇవేవీ చేయొద్దు. ఈ సమాచారంతో వేధించడం, బెదిరించడం నేరమని ఈ సైట్లన్నీ ముందే హెచ్చరిస్తాయి. కాలిఫోర్నియాలో ఈ సమాచారాన్ని వాడి చిన్న నేరం చేసినా, మామూలు శిక్షకు అదనంగా 10,000 నుంచి 50,000 డాలర్ల జరిమానా పడుతుంది. ప్రమాదంలో ఉన్నవాళ్లను కాపాడుకోవడానికి తప్ప ఉద్యోగం, ఇల్లు, లోన్ నిరాకరించడానికి దాన్ని వాడకూడదని కూడా అక్కడి చట్టం చెప్తుంది. వీసా మీద ఉన్నవాళ్లకు ఒక క్రిమినల్ కేసు అంటే ఎంత తలనొప్పో వేరే చెప్పాలా? ఇంకో సంగతి: బాధితులు చాలాసార్లు ఆ ఇంట్లోవాళ్లే. ఫొటో తిప్పితే ఆ పిల్ల ఎవరో ఊరంతటికీ తెలిసిపోతుంది.

చేయాల్సింది వేరే ఉంది. ఇంట్లో పెద్దవాళ్లకు, అంటే ఇండియా నుంచి వచ్చి మనవణ్ని పార్కుకు తీసుకెళ్లే తాతయ్యకు, అమ్మమ్మకు కూడా విషయం నెమ్మదిగా చెప్పండి. ఎవరింటికి పంపకూడదో చెప్పండి. పిల్లలకు మనిషి పేరు చెప్పి భయపెట్టక్కర్లేదు. ఎవరైనా రహస్యం దాచమంటే, కారెక్కమంటే, ముట్టుకుంటే ఇంటికొచ్చి చెప్పాలని నేర్పితే చాలు, అది అందరికీ వర్తిస్తుంది. అతని మీద ఏ ఆంక్షలున్నాయో తెలుసుకోవాలంటే పోలీసుల నాన్ ఎమర్జెన్సీ నంబరుకు ఫోన్ చేయండి. ఇచ్చిన అడ్రస్‌లో ఉండట్లేదని తెలిస్తే అదే నంబరుకు చెప్పండి.

పిల్ల ఏదైనా చెప్తే ముందు రిజిస్ట్రీ తెరవొద్దు. ప్రమాదం అప్పటికప్పుడే ఉంటే 911. లేదంటే పిల్లల మీద వేధింపులకు చైల్డ్‌హెల్ప్ 1-800-422-4453, లైంగిక దాడులకు రెయిన్ 1-800-656-4673, ఈ రెండు హెల్ప్‌లైన్లూ రాత్రీపగలూ పనిచేస్తాయి.

మరి హైదరాబాద్‌లో, విజయవాడలో?

ఈ గైడు చదివి మన దగ్గర సైటు కోసం వెతకొద్దు. ఇండియాలో లైంగిక నేరస్థుల జాతీయ డేటాబేస్ 2018 సెప్టెంబరు 20న మొదలైంది, జాతీయ నేర రికార్డుల బ్యూరో (ఎన్‌సీఆర్‌బీ) నిర్వహిస్తుంది. కానీ దాన్ని చూసే అధికారం పోలీసులు, దర్యాప్తు సంస్థలకే. బ్రిటన్‌లోనూ జాబితా బహిరంగం కాదు. 'సారాస్ లా' అనే పద్ధతిలో పిల్లల దగ్గరికి వచ్చే ఒక ఫలానా మనిషి గురించి పోలీసులను అడగొచ్చు, అవసరమనుకుంటే చెప్తారు. కెనడా జాతీయ రిజిస్ట్రీ కూడా పోలీసులకే.

మన దగ్గర తల్లిదండ్రుల చేతిలో ఉన్నది ఇంకో దారి. 2020 నాటి పోక్సో రూల్స్ ప్రకారం పిల్లలతో నిత్యం పనిచేసే ప్రతి సంస్థ, స్కూలు, క్రెష్, స్పోర్ట్స్ అకాడమీ ఏదైనా సరే, బోధన సిబ్బందితో పాటు ఆయా, డ్రైవరు, కాంట్రాక్టు వాచ్‌మన్ దాకా అందరికీ పోలీస్ వెరిఫికేషన్ చేయించాలి, అదీ ఎప్పటికప్పుడు. అడ్మిషన్ రోజు ఫీజు రసీదు తీసుకుంటూనే ఆ కాగితాలు ఉన్నాయా, బస్సు డ్రైవరువి ఎప్పటివి అని అడగండి. ఈ-కోర్ట్స్ సైటులో పార్టీ పేరుతో జిల్లా కోర్టు కేసులు వెతికే వీలుంది. జిల్లా, సంవత్సరం తెలిసి ఉండాలి, పేరు స్పెల్లింగు చిక్కు అక్కడా తప్పదు. పిల్లల విషయంలో అనుమానం వస్తే ఫోన్ చేయాల్సిన నంబరు 1098.